గాలి వేడి వేరు, గాజు వేడి వేరు

(జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో మైక్రోబయాలజీ, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

మైకు ముందుకు రాకముందే ఒక పని చేసి వచ్చాను. పక్క గదిలో మీ ప్రయోగశాల హాట్ ఎయిర్ ఓవెన్‌ను, అంటే పొడి వేడిగాలితో గాజుసామాను మీది సూక్ష్మజీవులను చంపే పెట్టెను, సరిగ్గా పది గంటల ఇరవై నిమిషాలకు ఆన్ చేశాం. లోపల కాగితంలో చుట్టిన పెట్రీ ప్లేట్లు నలభై, స్టీలు డబ్బాల్లో సర్దిన పిపెట్లు, దూది బిరడాలు పెట్టిన ఫ్లాస్కులు ఉన్నాయి. 160 డిగ్రీలకు సెట్ చేశాం. ఓవెన్ ముందుభాగంలో ఒక అంకె వెలుగుతూ ఉంటుంది. అది మీరు రోజూ చూసేదే. ఈరోజు దానికి తోడు ఇంకొకటి పెట్టాం. పైనున్న రంధ్రం గుండా వేడిని కొలిచే సన్నని థర్మోకపుల్ తీగను లోపలికి దించి, నడిమి అరలో ఉన్న పిపెట్ల డబ్బాలో, పిపెట్ల నట్టనడుమకు చేర్చాం. దానికి వేరే మీటరు ఉంది. మీ మూడో సంవత్సరం విద్యార్థినులిద్దరు అక్కడ కాపలా ఉన్నారు. మధ్యమధ్యలో వచ్చి రెండు అంకెలూ చెబుతారు. నేను మాట్లాడబోయేదంతా ఆ రెండు అంకెల గురించే.

1928 ఫిబ్రవరి 28న వెలుగు చూసిన రామన్ ఫలితాన్ని తలచుకునే రోజిది. ఇలాంటి రోజున అంతరిక్షం గురించో, కృత్రిమ మేధ గురించో చెబుతారని మీరు అనుకుని ఉండవచ్చు. నేను మాత్రం ప్రయోగశాల మూలన నిలబడి ఉండే రేకు పెట్టెను ఎంచుకున్నాను. మన వరంగల్‌లో 1959లో మెడికల్ కాలేజీ వచ్చింది. అదే సంవత్సరం ఇంజనీరింగ్ కాలేజీకి పునాది పడింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. వీటి చుట్టూ ఎన్నో చిన్న పెద్ద ప్రయోగశాలలు పుట్టాయి. గాజుసామాను ఉన్న ప్రతి సూక్ష్మజీవుల ప్రయోగశాలలోనూ ఈ పెట్టె ఉంటుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఇది తన పని సరిగా చేయకపోతే, ఆ తర్వాత మీరు చేసే ఏ పరీక్షనూ నమ్మలేం.

ముందుగా, ఈ పెట్టె ఎవరితో పోరాడుతుందో తెలుసుకుందాం.

ఇక్కడ గొర్రెలు, పశువులు ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు చేతులు ఎత్తండి. సగం మంది ఉన్నారు. దొమ్మ రోగం పేరు విన్నారా? జబ్బవాపు? చిటుకు రోగం? తొలకరికి ముందే టీకాలు వేయించమని మీ నాన్నలకు పశువైద్యులు చెబుతారు కదా, ఆ రోగాలు. దొమ్మ అంటే ఆంత్రాక్స్. 2021లో మన దుగ్గొండి మండలంలోనే గొర్రెలు దానితో చనిపోయాయి. అలా చనిపోయిన జీవాన్ని కోయవద్దని, లోతైన గోతిలో సున్నం వేసి పాతిపెట్టాలని అంటారు. ఎందుకో తెలుసా? కోస్తే నెత్తురు గాలికి తగులుతుంది. ఆ గాలి తగలగానే లోపలి బ్యాక్టీరియా స్పోర్లుగా మారుతుంది. ఆ స్పోర్లు మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటాయి. స్కాట్లండ్ పక్కన గ్రునార్డ్ అనే చిన్న దీవి ఉంది. 1942లో బ్రిటిష్ సైన్యం అక్కడ ఆంత్రాక్స్ స్పోర్లను ప్రయోగించి చూసింది. 1990 దాకా ఆ దీవిలో మనుషులు తిరగడానికి వీల్లేకపోయింది.

నేను చెప్పిన మూడు రోగాలూ స్పోర్లు కట్టే బ్యాక్టీరియా తెచ్చేవే. ధనుర్వాతం కూడా అంతే. ఒకప్పుడు మన పల్లెల్లో, దేశంలో అన్నిచోట్లా, బొడ్డు కోసిన కత్తి మీద ఉన్న స్పోర్ల వల్ల పసిబిడ్డలు పుట్టిన వారం పదిరోజుల్లో ధనుర్వాతంతో చనిపోయేవారు. మా నాయనమ్మ అలా ఒక బిడ్డను పోగొట్టుకుంది. పురిటి ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చినట్లు మన దేశానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి గుర్తింపు వచ్చింది 2015లోనే. అందుకే పరికరాన్ని సూక్ష్మజీవులు లేకుండా చేయడం అనేది నాకు పుస్తకంలోని ఒక అధ్యాయంగా ఎన్నడూ అనిపించలేదు.

మన పాఠ్యపుస్తకాల్లో సిద్ధబీజం అని రాసే ఈ స్పోరు గురించి ఒక మాట. ఇది బ్యాక్టీరియా పెట్టే గుడ్డు కాదు, పిల్ల కూడా కాదు. తిండి కరువైనప్పుడు ఒక కణం తన జన్యుపదార్థాన్ని మూటగట్టుకుంటుంది. లోపలి నీటిని చాలావరకు బయటికి పంపేస్తుంది. కాల్షియాన్ని, డైపికోలినిక్ ఆమ్లాన్ని నింపుకొని పొర మీద పొర కప్పుకుంటుంది. తిండి తినదు, పెరగదు, విభజన చెందదు. తడి, తిండి దొరికే రోజు కోసం ఎదురుచూస్తుంది.

ఈ నెలల్లో మీరు ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్తే మిర్చి బస్తాలు గుట్టలుగా కనిపిస్తాయి. రైతు ఆ మిర్చిని రోజుల తరబడి ఎండబెట్టి తెస్తాడు. ఎండిన మిర్చి కుళ్లదు. కాబట్టి దాని మీద సూక్ష్మజీవులు లేవా? ఉన్నాయి. ఎండు మసాలా దినుసుల మీద బ్యాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు సర్వసాధారణం. అవి పెరగడానికి నీరు లేక అలా పడి ఉన్నాయి, అంతే. ఆరడం వేరు, చావడం వేరు. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటినా, ఆ ఎండ స్పోరును ఏమీ చేయలేదు.

మరి ఎంత వేడి కావాలి? ఈ ప్రశ్నకు మొదటగా కొలిచి జవాబు చెప్పినవాళ్లలో రాబర్ట్ కాక్ ఒకడు. ఆయన గొప్ప నగరంలో పెద్ద ప్రయోగశాలతో మొదలుపెట్టిన మనిషి కాదు. వోల్‌స్టైన్ అనే చిన్న పట్టణంలో ప్రభుత్వ వైద్యుడు. చుట్టుపక్కల రైతుల గొర్రెలు దొమ్మతో చనిపోతుంటే ఇంట్లోనే సూక్ష్మదర్శిని పెట్టుకొని, ఆ బ్యాక్టీరియా స్పోరుగా ఎలా మారుతుందో, స్పోరు తిరిగి బ్యాక్టీరియాగా ఎలా అవుతుందో 1876లో లోకానికి చూపించాడు. 1881లో వోల్ఫ్‌హ్యూగెల్ అనే తోటి పరిశోధకుడితో కలిసి వేడిగాలిని పరీక్షించాడు. స్పోర్లు లేని బ్యాక్టీరియా 100 డిగ్రీల పొడి వేడిలో గంటన్నరకు చచ్చింది. స్పోర్లకు మాత్రం 140 డిగ్రీల దగ్గర మూడు గంటలు కావలసి వచ్చింది. ఆ పరిశోధనలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపిన విషయం ఇంకొకటి ఉంది. బట్టల మూటలను, దిండ్లను వేడిగాలిలో గంటల తరబడి పెట్టినా, వాటి నడుమ వేడి చాలినంత పెరగలేదని వాళ్లు గమనించారు. గాలి 140 ఉంది, మూట నడిబొడ్డు లేదు. నూటనలభై ఏళ్ల కిందటే తేలిన ఈ సంగతిని మనం ప్రతి తరంలోనూ మళ్లీ దెబ్బతిని నేర్చుకుంటున్నాం.

ఇప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రెషర్ కుక్కర్‌లా ఒత్తిడితో ఆవిరి పట్టే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాల్లో చచ్చే స్పోరుకు, ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఎందుకు?

వంటింట్లోకి వెళ్దాం. ఇడ్లీ పాత్రలో ఆవిరి 100 డిగ్రీలకు మించదు. అయినా పది పన్నెండు నిమిషాల్లో పిండి ఉడుకుతుంది. ఆవిరి ఇడ్లీని తాకగానే నీరుగా మారుతుంది. అలా మారుతున్నప్పుడు ఒక్కొక్క గ్రాము ఆవిరి దాదాపు 540 కేలరీల వేడిని అక్కడే వదిలిపెడుతుంది. అదే గ్రాము మరిగే నీరు గడ్డకట్టేంత చల్లబడినా ఇచ్చేది 100 కేలరీలే. పొడి గాలి దగ్గర ఇలాంటి మూట ఏదీ లేదు. గాలి తేలికైనది, వేడిని అందించడంలో చాలా బద్ధకస్తురాలు. ఓవెన్ తలుపు తీసి లోపలి గాలిలో చేయి పెట్టి వెంటనే తీసేస్తే వెచ్చగా తగులుతుంది. ప్రెషర్ కుక్కర్ ఆవిరి మీద చేయి పెడితే బొబ్బలెక్కుతుంది. తేడా మీకు తెలిసిందే.

ఇది సగం కారణం. మిగతా సగం ఇంకా అందమైనది. 19వ శతాబ్దం చివర గుడ్డు తెల్లసొన మీద చేసిన ప్రయోగం ఇది. తెల్లసొనలోని ప్రొటీనులో సగం నీరు ఉంటే 56 డిగ్రీలకే గడ్డకట్టింది. నీటిని పాతిక శాతానికి తగ్గిస్తే 74 నుంచి 80 డిగ్రీలు కావలసి వచ్చింది. ఆరు శాతమే నీరు ఉన్నప్పుడు 145. నీరు పూర్తిగా తీసేస్తే 160 నుంచి 170. వస్తువు ఒక్కటే, నీరు తగ్గేకొద్దీ అది వేడికి లొంగడం మానేసింది. ప్రొటీను అణువు తన మడతలు విప్పుకొని చెడిపోవాలంటే చుట్టూ నీరు ఉండాలి. ఇందాక స్పోరు తనలోని నీటిని ఎందుకు బయటికి పంపుతుందని చెప్పానో ఇప్పుడు అర్థమైందా? అది ఈ సంగతిని మనకంటే కొన్ని కోట్ల సంవత్సరాల ముందే కనిపెట్టింది.

అందుకే పొడి వేడి చంపే దారి వేరు. తడి వేడి ప్రొటీన్లను ఉడికించి చంపుతుంది. పొడి వేడి ఎండగట్టి, ఆక్సిజన్‌తో మాడ్చి చంపుతుంది. బ్యాసిల్లస్ సబ్టిలిస్ స్పోర్ల మీద జరిగిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. పొడి వేడి వాటి డీఎన్ఏనే దెబ్బతీస్తుంది, తడి వేడి అలా చేయదు. ఒకటి ఉడకబెట్టడం, ఇంకొకటి మాడ్చడం. మాడ్చడానికి ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావాలి.

[మూడో సంవత్సరం విద్యార్థిని వచ్చి అంకెలు చెప్పింది.]

వినండి. ఇప్పుడు పది యాభై. ఓవెన్ ముందున్న అంకె 160. డబ్బా నడుమ అంకె 94. మళ్లీ చెబుతాను, తొంభై నాలుగు. గాలి 160కి చేరింది, పిపెట్లు ఇంకా నీళ్లు మరిగే వేడికి కూడా చేరలేదు. ఆ పెట్టె ముందు మీరు ఒంటరిగా ఉంటే ఇప్పుడే గడియారం చూసుకొని, పుస్తకంలో ‘10.50 – మొదలు’ అని రాసుకొని, 12.50కి ఆపేసేవారు. నేనూ అలాగే రాశాను. ఒకసారి కాదు, కొన్ని నెలల పాటు.

అప్పుడు నేను ఒక ప్రయోగశాలలో సహాయకురాలిని. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ప్రాక్టికల్ పరీక్షల కాలం. రోజుకు రెండు బ్యాచ్‌లు. ప్లేట్లు చాలడం లేదు. అందుకని ఓవెన్‌ను కుక్కి కుక్కి నింపేదాన్ని. అరకూ అరకూ మధ్య సందు లేకుండా, డబ్బాను ఆనుకొని డబ్బా. ముందున్న ముల్లు 160 దగ్గరకు రాగానే రెండు గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టేదాన్ని. కొన్నాళ్లకు ప్లేట్లలో ఒక వింత కనిపించసాగింది. ఏమీ చల్లకుండా, పోల్చి చూడడానికి కంట్రోల్‌గా ఉంచిన అగర్ ప్లేట్ల మీద కూడా బూడిదరంగుతో, ముడతలు పడిన, ఎండిన అప్పడంలాంటి కాలనీలు వస్తున్నాయి. గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్ష చేస్తే నీలి కడ్డీలు, వాటిలో రంగు ఎక్కని స్పోర్లు. బ్యాసిల్లస్ అని వెంటనే తెలిసిపోయింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు.

మీడియాను, అంటే సూక్ష్మజీవులను పెంచడానికి వాడే ఆహార పదార్థాన్ని, అనుమానించాం. కొత్తది తెచ్చాం. నీటిని అనుమానించాం. గది గోడలు కడిగించాం. కిటికీలు మూయించాం. ఒక విద్యార్థి చేతులు సరిగా కడుక్కోవడం లేదని అతణ్ని అందరి ముందు మందలించాను. అతని తప్పు ఏమీ లేదు. ఆ మాట తర్వాత వెళ్లి చెప్పాను. అయినా అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

చివరికి మా ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు పనిచేసిన సీనియర్ టెక్నీషియన్ ఒకాయన ఒక్క మాట అడిగారు. “అమ్మా, వేడి ఎక్కడ చూస్తున్నావు?” ముల్లు చూపించాను. ఆయన మారుమాట్లాడకుండా గరిష్ఠ ఉష్ణోగ్రతను పట్టి ఉంచే థర్మామీటరు ఒకటి తెచ్చి, మధ్య డబ్బాలో పిపెట్ల నడుమ పెట్టి, నేను రోజూ చేసినట్లే ఓవెన్‌ను నడిపించారు. చల్లారాక తీసి నా చేతికి ఇచ్చారు. 132. రెండు గంటల పాటు ముల్లు 160 చూపిన రోజున, నడుమ ఉన్న పిపెట్లు ఒక్కసారైనా 132 దాటలేదు.

మనింట్లో సర్వపిండి చేస్తారు కదా, గిన్నెప్ప అని కూడా అంటాం. గిన్నె అంచు చురుక్కుమనగానే అప్ప కాలిందని ఏ తల్లైనా దించుతుందా? దించితే చుట్టూ మాడి ఉంటుంది, నడుమ పిండి పచ్చిగా ఉంటుంది. అందుకే సన్నని మంట మీద మూత పెట్టి ఓపికగా కూర్చుంటారు, నడుమ రంధ్రాలు పొడిచి నూనె పోస్తారు. వంటింట్లో తెలిసిన ఈ సంగతిని ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకోగానే నేను మరచిపోయాను.

ఒక్క లెక్క చెబుతాను, రాసుకోండి. మందుల పరిశ్రమలో పొడి వేడికి లెక్క కట్టేటప్పుడు, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు తగ్గితే అదే పనికి పది రెట్లు సమయం పడుతుందని తీసుకుంటారు. అంటే 160 దగ్గర ఉండవలసిన లోడు, అంటే లోపల పెట్టిన సామాను, 140 దగ్గర ఉండిపోతే, మీరు పెట్టిన 120 నిమిషాల విలువ 12 నిమిషాలే. 132 దగ్గర? అయిదు నిమిషాలు కూడా కాదు. నేను రెండు గంటలు కరెంటు ఖర్చు చేసి స్పోర్లను అయిదు నిమిషాలు వెచ్చబెట్టాను.

[ఒక విద్యార్థిని లేచి అడిగింది: “మేడమ్, సూక్ష్మజీవులను తీసి ప్లేటు మీద రాసే తీగను, ఇనాక్యులేషన్ లూప్‌ను, మంటలో పెడితే క్షణంలో అయిపోతుంది కదా. అదీ పొడి వేడే. మరి ఓవెన్‌కు రెండు గంటలు ఎందుకు?”]

చాలా మంచి ప్రశ్న అమ్మా, కూర్చో. లూప్ తీగ ఎర్రగా మారేసరికి దాని వేడి 700 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ వేడిలో స్పోరు చావడం మాత్రమే కాదు, బూడిదవుతుంది. పైగా తీగ వెంట్రుకంత సన్నం, దాని నడుమకూ అంచుకూ తేడా లేదు. నీ పిపెట్‌ను అలా ఎర్రగా కాల్చలేవు, గాజు కరిగి వంగిపోతుంది. గాజు, కాగితం, దూది తట్టుకోగలిగిన వేడి ఎంత, స్పోరు తట్టుకోలేని వేడి ఎంత, ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకు దారిలో మనం నడుస్తున్నాం. 160 డిగ్రీలు అయితే రెండు గంటలు, 170 అయితే ఒక గంట, 180 అయితే అరగంట అని పుస్తకాల్లో ఉంటుంది. 180 దాటితే దూది, కాగితం మాడడం మొదలవుతాయి. పాతకాలం వాళ్లు కాగితం లేత గోధుమరంగుకు తిరిగిందా లేదా చూసి ఓవెన్ పని అంచనా వేసేవారు. అది బయటి కాగితం సంగతి చెబుతుంది, లోపలి గాజు సంగతి చెప్పదు.

అయితే ఏం చేయాలి? లోడు సర్దడం దగ్గరే పనంతా ఉంది. ఓవెన్ అరలకు రంధ్రాలు ఎందుకు ఉన్నాయో చూడండి. వేడెక్కిన గాలి పైకి, చల్లని గాలి కిందికి తిరగడానికి దారి అది. ఆ అరల మీద పళ్లెం పరిచినా, కాగితం పరిచినా దారి మూసినట్లే. గోడలకు ఆనించవద్దు, డబ్బాకూ డబ్బాకూ మధ్య వేళ్లు పట్టేంత సందు ఉండాలి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే మేలు. ఫ్యాన్ లేని పాత ఓవెన్లలో పై అరకూ కింది అరకూ చాలా తేడా ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు ఎన్ని లీటర్లని అడుగుతారు, ఫ్యాన్ ఉందా అని అడగరు. నన్నడిగితే ఫ్యాన్ లేని పెద్ద ఓవెన్ కంటే ఫ్యాన్ ఉన్న చిన్నదే తీసుకోమంటాను.

తడి గాజు పెట్టకండి. ఇది కుమ్మరివాళ్లకు బాగా తెలిసిన సంగతి. కుండ పూర్తిగా ఆరనిదే ఆవంలోకి పోదు, పోతే పగులుతుంది. ఆవం చల్లారనిదే తెరవరు, తెరిస్తే అదీ పగులుడే. గాజుకూ ఇదే నియమం. బోరోసిలికేట్ గాజు వేడికి చాలా తక్కువగా సాగుతుంది, సాధారణ సోడా గాజుతో పోలిస్తే మూడో వంతు. అందుకే తట్టుకుంటుంది. అయినా 160 దగ్గర తలుపు తెరిచి చల్లగాలి తగిలిస్తే అది కూడా చిట్లవచ్చు. మన ప్రయోగశాలల్లో బోరోసిలికేట్‌తో పాటు సోడా గాజు ప్లేట్లు కలిసిపోయి ఉంటాయి, మరచిపోవద్దు.

తలుపు తెరవవద్దనడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. 160 డిగ్రీల దగ్గర పలచబడి ఉన్న గాలి, గది వేడి 30 డిగ్రీలకు దిగేసరికి ముడుచుకుపోతుంది. కెల్విన్‌లలో లెక్కేయండి. 433 నుంచి 303. అంటే పెట్టె చల్లారే లోపు అందులోని గాలిలో దాదాపు 30 శాతం బయటి నుంచి లోపలికి వచ్చిందే. ఓవెన్ ఊపిరి పీల్చుకుంటుంది. ఒక్కొక్క ప్లేటు కూడా పీల్చుకుంటుంది. ఆ ఊపిరిని వడకట్టేది ఏమిటి? మీరు చుట్టిన కాగితం, పెట్టిన దూది. వాటిని దుమ్ము పడకుండా ఆపే మూతలని అనుకోకండి, అవి వడపోత జల్లెడలు. చిరిగిన కాగితంలో చుట్టిన ప్లేటు చల్లారుతూనే మళ్లీ చెడిపోతుంది.

[విద్యార్థిని మళ్లీ వచ్చింది.]

పదకొండు పది. ముందు అంకె 160, కదల్లేదు. నడుమ అంకె 131. నేను చేసిన తప్పు దగ్గరకు ఇప్పుడే వచ్చాం. ఈరోజు సందులు వదిలి సర్దాం కాబట్టి ఇది ఇక్కడ ఆగదు, పైకి పోతుంది.

ఓవెన్‌లో పెట్టకూడనివి మీకు తెలుసు. కల్చర్ మీడియా ఆవిరైపోతుంది, రబ్బరు, చాలా రకాల ప్లాస్టిక్ పాడైపోతాయి. వాటికి ఆటోక్లేవ్ ఉంది, ఇంకా వేరే దారులున్నాయి. ఓవెన్ తప్ప గతి లేనివి కొన్ని ఉన్నాయి, వాటి గురించి చెబుతాను. గ్లిసరిన్, లిక్విడ్ పారాఫిన్, వాజలైన్, పొడులు. నూనె లోపలికి ఆవిరి చొరబడదు. ఆటోక్లేవ్‌లో పెట్టిన నూనె సీసా లోపల ఉన్న స్పోరుకు అందేది తడి వేడి కాదు, 121 డిగ్రీల పొడి వేడి. అది దానికి చాలదు. పొడికి ఆవిరి తగిలితే ముద్దకడుతుంది. అందుకే వీటిని పలుచని పొరగా పరచి, ఓవెన్‌లోనే పెట్టాలి. పొర మందమైతే మళ్లీ అదే కథ, నడుమ పచ్చి. అలాగే పదునైన కత్తెరలు, స్కాల్పెల్‌లు. ఆవిరి తడికి ఉక్కు తుప్పు పట్టి మొద్దుబారుతుంది. పొడి వేడిలో ఆ బాధ లేదు.

మీలో చాలామంది చదువు అయ్యాక హైదరాబాద్ వైపు మందుల కంపెనీలకు వెళ్తారు. అక్కడ ఈ ఓవెన్‌కు పెద్దన్న లాంటివాడు కనిపిస్తాడు. ఇంజెక్షన్ సీసాలను 250 డిగ్రీల దగ్గర కనీసం అరగంట వేడిచేస్తారు. స్పోర్లను చంపడానికి అంత వేడి అక్కర్లేదు. అక్కడ వేట చచ్చిన బ్యాక్టీరియా వదిలిన ముక్కల కోసం. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్ నరంలోకి వెళ్తే చలిజ్వరం వస్తుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. 1920లలో ఫ్లోరెన్స్ సీబర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, స్వేదనజలంతో ఇచ్చిన ఇంజెక్షన్ల తర్వాత వచ్చే జ్వరానికి నీటిలో చేరిన బ్యాక్టీరియా పదార్థమే కారణమని తేల్చింది. ఆటోక్లేవ్ బ్యాక్టీరియాను చంపుతుంది, ఈ పదార్థాన్ని మిగిల్చిపోతుంది. గాజు మీద దాన్ని కాల్చి పోగొట్టేది పొడి వేడి. సెలైన్ ఎక్కించుకునే ప్రతి మనిషి వెనుకా పేరు తెలియని ఎవరో ఒకరు ఈ కాపలా కాస్తున్నారు. రేపు ఆ ఒకరు మీరే కావచ్చు.

కరెంటు గురించి కూడా చెప్పాలి. మేం పనిచేసిన రోజుల్లో వేసవిలో కోతలు ఉండేవి. గంటా పది నిమిషాలు గడిచాక కరెంటు పోతే, వచ్చాక మిగిలిన యాభై నిమిషాలు నడిపితే చాలదా అని అడిగేవారు. చాలదు. లోపల ఎంత చల్లారిందో, నడుమ ఎంతకు దిగిందో మీకు తెలియదు. లోడు మళ్లీ 160కి చేరాక మొదటి నిమిషం నుంచి లెక్కపెట్టండి. దీనికోసం రాత్రి తొమ్మిది దాకా కూర్చున్న రోజులున్నాయి. ఆ కూర్చోవడాన్ని జీతంలో ఎవరూ లెక్కించరు. అయినా కూర్చోవాలి.

వేడి చేరిందని మీటరు చెబుతుంది. చచ్చాయని చెప్పగలిగేది స్పోరే. అందుకే నడిమి డబ్బాలో థర్మోకపుల్ పక్కనే ఒక చిన్న కవరు పెట్టాం. అందులో బ్యాసిల్లస్ అట్రోఫియస్ స్పోర్లు పది లక్షలు ఆరబెట్టిన కాగితపు ముక్క ఉంది. పొడి వేడిని బాగా తట్టుకుంటుంది కనుక దాన్నే సాక్షిగా పెట్టుకుంటారు. ఆటోక్లేవ్‌కు వాడేది వేరు, అది జియోబ్యాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్. పరీక్షలో ఈ రెండూ తారుమారు చేసి రాస్తారు, చూసుకోండి. ఓవెన్‌లోని ముక్కను తీసి ద్రవ మీడియాలో వేసి ఇంక్యుబేటర్‌లో పెడతాం. ఓవెన్‌లో పెట్టని ఇంకో ముక్కను పక్కన వేస్తాం. పెట్టనిది స్పోర్లు మొలిచి మసకబారాలి, పెట్టింది తేటగా మిగలాలి. రెండూ తేటగా ఉంటే సంతోషించకండి, మీ స్పోర్లు ముందే చచ్చి ఉన్నాయని అర్థం.

[విద్యార్థిని మూడోసారి వచ్చింది.]

ఎంత అమ్మా? నడుమ అంకె 160. టైము? పదకొండు ముప్పై అయిదు.

విన్నారు కదా. గాలి 160కి చేరిన నలభై అయిదు నిమిషాలకు గాజు 160కి చేరింది. లాగ్ పుస్తకంలో ఇప్పుడు రాయండి, ‘11.35 – మొదలు’. ఒంటిగంట ముప్పై అయిదుకు స్విచ్ ఆపేది ఎవరో ఇప్పుడే పేరు రాసుకోండి. ఆపాక తలుపు ముట్టుకోవద్దు. లోపలి మీటరు 60 కిందికి దిగేదాకా ఆగాలి, సాయంత్రం అవుతుంది. ఊరికి చివరి బస్సు తొందరగా ఉన్నవాళ్లు వెళ్లండి, నేను ఉంటాను. ఆ కాగితపు ముక్కను నేనే తీసి మీడియాలో వేసి వెళ్తాను. వారం పాటు రోజూ ఉదయం ఆ రెండు గొట్టాలనూ వెలుతురుకు ఎత్తి చూడండి. ఏడో రోజున ఎవరైనా ఒకరు నాకు ఫోను చేసి, ఏది మసకబారిందో చెప్పండి.